జేబు కొలత

పుస్తకం ఎంతుండాలని ప్రెస్సాయన అడిగితే
ఆర్వెద్ కోటు లోపలి జేబంత, అన్నది లీలో.
హాప్సాలు బస్సులో
ఎవరి కంటా పడకుండా మోసుకెళ్ళాలి కదా.

పదహారు పేజీలు. రెండు పిన్నులు.
మంచు కింద సముద్రం, రైళ్ళు రాని స్టేషను,
నిద్రపట్టని వాళ్ళ వంటింటి దీపాలు.

గంటసేపు వలకి కుట్లు వేస్తూ కూర్చున్నాడు ఆర్వెద్.
లేచి వెళ్తూ అన్నాడు:
"తమ్ముడు పోయాక ఐసు మీద నడుస్తుంటే
నా అడుగులే రెండుసార్లు వినిపిస్తున్నాయి."

తొమ్మిదో పేజీలో ఆ మాటొక్కటే.
అక్షరం పెద్దది చేసి చూసింది, అరిచినట్టుంది.
బొమ్మ పెట్టింది, తీసేసింది.
చుట్టూ ఇంత తెలుపా, కాగితం దండగ,
అన్నాడు ప్రెస్సాయన.

దండగేం కాదు,
పట్టుకునేవాడి బొటనవేలికి చోటుండాలి,
చేతి తొడుగుతో సహా.