ఎడమచెయ్యి

మ్యూరియెల్‌కి తల ఫెనెల్లా.
కుడిచెయ్యి డెస్మండ్.
ఎడమచెయ్యి నేను.
ముగ్గురం కలిస్తే ఒక ముసలమ్మ.
మూడడుగుల పొడవు, ఉన్ని జుట్టు, గుండీల కళ్లు.
మొగుడు పోయాక లాండ్రీ దుకాణం నడుపుకుంటుంది.
రెండో అంకంలో ఆ మొగుడు
డ్రయ్యర్లోంచి ఒంటి మేజోడై తిరిగొచ్చి
పేరులో ఉన్న జోడు పక్కన లేదేమని
పాట ఎత్తుకుంటాడు.
అంతే కథ.
దాన్ని వ్యానులో వేసుకుని
పదకొండు వారాలు, పంతొమ్మిది ఊళ్లు.

నల్ల ముసుగులోంచి జనం కనపడరు.
వినపడతారు.

కార్లైల్‌లో వాన.
అరగంట దాకా ఒక్కరూ నవ్వలేదు.
తడికోట్ల వాసన మాత్రం వేదిక మీదికొచ్చి కూచుంది.
ఉన్నట్టుండి నాలుగో వరసలో ఎవరో
ముక్కుతో నవ్వాడు, పంది గురకలాగా.
సిగ్గుపడి ఆపుకోబోయి ఇంకోసారి.
ఇక హాలంతా అతని నవ్వుకి నవ్వింది,
మాకు కాదు.
అయినా తీసుకున్నాం.
నవ్వు నాలుగు విధాల చేటంటారు గాని
మాకు అదే మర్నాటి పెట్రోలు.

స్కంథార్ప్‌లో పదమూడు మంది.
చప్పట్లు విడివిడిగా లెక్కపెట్టొచ్చు.
అందులో ఒక జత గ్లవ్సు తియ్యలేదు.

బెరిక్‌లో, మ్యూరియెల్ స్నానం సీనుకి
ముందు వరస పెద్దావిడ ముక్కున వేలేసుకుందట,
విరామంలో గొడుగందుకుని వెళ్లిపోయిందట.
రాత్రి బసలో డెస్మండ్ అడిగాడు:
ఒళ్లే బట్ట అయినదానికి
బట్టలు విప్పితే కనపడేదేమిటి?
ఎవరం జవాబు చెప్పలేదు.
చిప్స్ చల్లారిపోయాయి.

డండీలో పిల్లల్ని తెచ్చారు,
బొమ్మలాట కదా పిల్లలదే అనుకుని.
మొదటి బూతుకి తల్లుల చేతులు
చీకట్లో చెవులు వెతుక్కున్నాయి.
పాట మధ్య నిశ్శబ్దంలో ఒక చిన్న గొంతు:
"ఆ మేజోడు చచ్చిపోయిందా, ఉతుకుతున్నారా?"
ఫెనెల్లా భుజం నా భుజానికి ఆని ఉంటుంది కనుక
ఆమె వణకడం తెలిసింది.
నవ్వో ఏడుపో తేలేలోపే
తర్వాతి మాట వచ్చేసింది.

అబరిస్ట్విత్‌లో ఆట అయ్యాక
వెనక గుమ్మం దగ్గర ఒకాయన.
సముద్రపు గాలి. టోపీ చంకలో.
మమ్మల్ని చూడలేదు.
పెట్టెలో పడుకోబెడుతున్న మ్యూరియెల్‌ని
ఒక్కసారి లేపమన్నాడు.
లేపాం, ముసుగుల్లేకుండా,
చెమట మొహాలతో ముగ్గురం.
ఆయన కుడిచెయ్యి జేబులోనే ఉంది, పని చెయ్యదనుకుంటా.
ఎడమచెయ్యి చాపాడు.
అంటే, నాకు.

"అమ్మా, డ్రయ్యర్ అలా మోగదు," అన్నాడు మ్యూరియెల్‌తో.
"ముప్ఫై ఏళ్లు నడిపాం, నేనూ గ్వెన్‌లియనూ.
మూడు చుట్లకోసారి
ఏదో ఒక చొక్కా గుండీ తగులుతుంది, టక్కుమని.
అది లేకపోతే ఖాళీ డ్రమ్ము తిరిగినట్టే."
మ్యూరియెల్ తల ఊపింది.
ఫెనెల్లా ఊపిందని నేననుకోను.

గ్రిమ్స్‌బీలో బిస్కట్ డబ్బాలో గుండీ వేసి
తెర వెనక తిప్పించాం.
టక్.
కాసేపాగి, టక్.
ఎవరూ గమనించలేదు.
నవ్వాల్సిన చోట నవ్వారు, దగ్గేవాళ్లు దగ్గారు,
బయటికెళ్తూ ఎవరో మేజోడి గొంతు బాగుందన్నారు,
ఎవరో టికెట్టు ధర ఎక్కువన్నారు.

నేను మాత్రం లోపల లెక్కపెడుతున్నాను.
ఒక చుట్టు. రెండు.
మూడో చుట్టుకి మ్యూరియెల్ ఎడమచెయ్యి
కొంచెం లేచింది, ఎవరినో ఆగమన్నట్టు.
రాసుకున్న ఆటలో అది లేదు.
ఎందుకలా అని డెస్మండ్ అడిగాడు,
వ్యానులో, పెట్టెలు సర్దుతూ.

చెయ్యి జారింది, అన్నాను.