నిలువ ఒకటి

సంచిలో రీబౌండ్ సుత్తి పెట్టుకుని వచ్చాను,
కూలగొట్టొచ్చని సగం ముందే రాసేసిన ఫారం కూడా.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో
ఐదంతస్తుల కార్ల పార్కింగు.
సున్నం ఎరగదు, రంగు ఎరగదు.
కట్టిన నాటి నుంచీ
మేస్త్రీ బీడీ కాల్చుకు వస్తానని
మధ్యలో దిగిపోయినట్టే ఉంది.

"మొండిది సార్" అన్నాడు టోకెన్ల గదిలోంచి లింబాద్రి.
"వానల ఏడుస్తది. ఎండల పటపట పండ్లు కొరుకుతది."

ర్యాంపు ఎక్కాను.
అంబాసిడర్ నడుము కొలత తీసి కుట్టిన మలుపులు.
ఇప్పటి బండ్లు ఒళ్లు చేసి
మొదటి మూలలోనే ఒరుసుకుని
తిట్టుకుంటూ వెనక్కి దిగిపోతాయట.
గోడ మీద ఆ గీతలు, తెలుపు, ఎరుపు, వెండి:
దీనికి ఎవరైనా పూసిన రంగంటే
అదొక్కటే.

రెండో అంతస్తులో టార్చి వేస్తే
గోడ నిండా చెక్క.
సెంట్రింగు పలకల ఈనెలు, కణుపులు,
ఒకచోట వంగిపోయిన మేకు తల.
ఆ పలకలు పొయ్యిలోకి పోయి నలభై ఏళ్లు దాటి ఉంటుంది,
ఏ కూలీల అన్నమో ఉడికించి ఉంటాయి.
వాటి ఒళ్లు మాత్రం ఇక్కడ తిరగేసి అచ్చు పడింది.
ముడి ఉన్నచోట గుంట,
పగులున్నచోట గట్టు.

సుత్తి నొక్కాను. ముప్పై ఎనిమిది.
ఇంకోచోట. నలభై ఒకటి.
నాకు కావలసిన అంకె ఇరవై లోపు.
"నాడి ఎట్లుంది సార్?"
బ్యాటరీ చూసుకుంటున్నట్టు టార్చి వైపు తల దించాను.

నాలుగో అంతస్తులో పావురాలు,
చెప్పుల దుకాణం వాళ్ల ఖాళీ అట్టపెట్టెలు.
పిట్టగోడ అవతల, నా కళ్లెత్తులో, మెట్రో.
అందులో నిలబడ్డవాళ్లెవరికీ
పార్కింగుతో పని లేదు.

మూలన టార్పాలిన్ కింద ఒక ఫియట్.
టైర్లు అణిగి, నేలకు అతుక్కుని,
పాడైపోయినట్టు కాదు,
కూర్చున్నట్టు.

"గంటల వస్తనని పెట్టిపోయిండట.
అప్పుడు డ్యూటీల మా మామ ఉండె.
సచ్చిపోయేముందు గూడ అదే చెప్పిండు,
దినాం రాయాలె అని."

రిజిస్టరు తెరిచాడు.
వచ్చినవి, పోయినవి, నిలువ.
ఆదివారాలు, బందులు, కర్ఫ్యూలు,
నిలువ ఒకటి.
ఇంకు మారింది, చేతిరాత మారింది,
రోజు కిరాయి రెండు రూపాయలు ఐదయి, ఇరవయ్యయి,
నిలువ ఒకటి.

మొత్తం ఎంతయిందన్నాను.
నవ్వాడు.
"ఆయనొచ్చి కట్టిండనుకో,
దీన్ని మళ్ల కొత్తగ లేపొచ్చు సార్."

ఫారంలో చివరి గడి: ప్రస్తుత వినియోగం.
శూన్యం అని ముందే టైపు కొట్టి ఉంది.
దాని మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను.
కింది హారన్లన్నీ గోడల్లోకి ఇంకి
పైకొచ్చేసరికి ఒట్టి హూంకారం.

దిగాక లింబాద్రి నా స్కూటరుకు
పది రూపాయలు తీసుకున్నాడు, మొహమాటం లేకుండా.
టోకెను వెనక్కి పుచ్చుకుని
నా ఎదుటే రాశాడు:
పోయినవి, ఒకటి.