గురువారం, నాలుగున్నరకు

అమీర్‌పేటల మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
కింద బజ్జీల బండి నూనె వాసన,
పైన నలభై ప్లాస్టిక్ కుర్చీలకు ఒక్కటే ఫ్యాను.
దైవాధీనం సారు బోర్డు మీద రాసి చెప్పేటోడు:
"ఐ యామ్ అఫ్రెయిడ్ అంటే భయపడ్డట్టు గాదమ్మా,
నిజంగ భయపడ్డోళ్లు గా మాట అనరు.
సమ్‌థింగ్ హాజ్ కమ్ అప్ అంటే
ఏదో అడ్డం వచ్చిందని.
ఏమొచ్చిందని అవతలోళ్లు అడగొద్దు,
మనం చెప్పొద్దు."

ప్రీపోన్ అనొద్దన్నడు, దొరలు అనరట.
మాకు ఆ మాటతోని పని పడలేదు.
మా దిక్కు ఏ పనీ ముందుకు జరిగింది లేదు.

ఆయన పాఠాలన్నిట్ల ఒకటే ముహూర్తం:
థర్స్‌డే, హాఫ్ పాస్ట్ ఫోర్.
వేరే వారం, వేరే గంట ఆయన నోట వినలే.
"ఐ డూ అపాలజైజ్" అనేటప్పుడు
ఆ "డూ" కాడ గొంతు జర లేపేటోడు,
వాననీళ్లల్ల చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టినట్టు.

ఇప్పుడు రాణిగంజ్‌ల, పంపుసెట్ల దుకాణంల కొలువు.
ఇంట్ల ఈశ్వరమ్మను, ఫోన్ల ఈషాను.
సేటు నా ఎదురుంగనే పల్లీలు ఒలుస్తుంటడు,
నేను "హీ ఈజ్ ఇన్ ఎ మీటింగ్" అంట.
పొట్టు ఎగిరొచ్చి రిజిస్టర్ మీద పడ్తది.
"కెన్ ఐ పుట్ యూ ఆన్ హోల్డ్" అని
రిసీవర్‌కు అరచెయ్యి అడ్డం పెడ్త.
ఎవరని కండ్లతోని అడుగుతడు.
కోయంబత్తూరు, అంట.
చూపుడు వేలు ఊపుతడు. లేడు.

కోయంబత్తూరు కంపెనీల మాట్లాడేది మార్టిన్.
కాలిపోయిన ముప్పై రెండు మోటర్లు చూడనీకి
ఇంజనీర్ రావాలె, మూడు నెలల సంది వస్తనే ఉన్నడు.
వాళ్ల పాత బిల్లు సేటు కట్టాలె, అదీ గంతే.
వాళ్లు వాయిదా అంటే మాకు పండుగ,
మేం వాయిదా అంటే వాళ్లకు పండుగ.
నడుమ మార్టిన్, నేను
నాట్ ఎట్ ఆల్, నాట్ ఎట్ ఆల్ అనుకుంట.

నిన్న మబ్బు కమ్మింది. రేకుల మీద వడగండ్లు.
"సమ్‌థింగ్ హాజ్ కమ్ అప్, మామ్" అన్నడు,
"వుడ్ థర్స్‌డే సూట్ యూ? హాఫ్ పాస్ట్ ఫోర్?
ఐ డూ అపాలజైజ్."

ఆ డూ.
కుచ్చిళ్లు ఎత్తిపట్టిన డూ.
ఫోన్లకెళ్లి గూడ వడగండ్ల సప్పుడు,
ఇక్కడ ఆగితే అక్కడ ఆగుతాంది.

పెన్ను కింద పెట్టిన.
"దైవాధీనం సారు దగ్గర చదివినవా?" అన్న, తెలుగుల.

లైను తెగిందనుకున్న.
కాసేపటికి, పేరు లేని ఒక గొంతు:
"మూడో అంతస్తు. ఫ్యాను కింద కుర్చీ దొరకకపోయేది."
"కోయంబత్తూరుల గూడ వడగండ్లు పడ్తున్నయా?"
"ఉప్పల్ అక్కా. నంబర్ మాత్రమే అక్కడిది.
నేను మల్లికార్జున్‌ను. మాది ఆలేరు."

సారు ఏడున్నడని అడిగిండు.
తెల్వదన్న. ఆ గదిల ఇప్పుడు
ఫోన్ల కవర్లు అమ్ముతున్నరని చెప్పిన.
"ఇంజనీర్ అసలు ఉన్నడా?" అన్న.
"మానేసి ఏడాదైంది. చెప్పొద్దన్నరు.
మీ సేటు మీటింగుల ఉన్నడా?"
పల్లి పొట్టు దిక్కు చూసిన.
"ఉన్నడు" అని నవ్విన. అవతల గూడ నవ్వు.

అంతల ఆయన ఎనక ఎవరో నిలబడ్డట్టున్నరు.
గొంతుకు ఇస్త్రీ పడ్డది:
"ఈజ్ దేర్ ఎనీథింగ్ ఎల్స్ ఐ కెన్ హెల్ప్ యూ విత్, మామ్?"
"నో, థాంక్యూ, మార్టిన్.
యూ హావ్ బీన్ వెరీ హెల్ప్‌ఫుల్."
ఇది గూడ సారు చెప్పిందే, ఆఖరి పేజీల.
ఎన్నడూ మనసుల పెట్టి అనలే, నిన్నటి దాంక.

డైరీల పాత గురువారం కొట్టేసి
కొత్త గురువారం రాసిన.
సేటు పల్లి నోట్లె ఏసుకుని అడిగిండు:
"ఏమంటున్నరు కోయంబత్తూరోళ్లు?"

"వడగండ్లు పడ్తున్నయంట, సేట్."