ఆఖరి పంటు ఆరింటికి

తాళాలు రెండు. పెద్దది తలుపుది,
చిన్నది పెట్టెది. పెట్టె సంగతి చివర్లో చెబుతాను.
కూర్చోండి మేడమ్. ఆ కుర్చీ కాదు, దానికి కాలు లేదు.

గోడ మీద కాగితం చూశారా, "మన ప్రాధాన్యాలు" అని?
సూపరింటెండెంటు గారు అంటించి వెళ్ళారు.
మొదటిది ఫ్రీజరు, రెండోది జనరేటరు, మూడోది టైల్సు.
మూడూ రాసి పంపాం.
జిల్లా నుంచి గోడ గడియారం వచ్చింది.
బానే నడుస్తోంది.

ఈ శవాల కొట్లో పదకొండేళ్ళు చేశాను.
నా వరస వేరు. ఎక్కడా రాసి లేదు.

పొద్దున్నే మూడు వచ్చాయనుకోండి.
కొబ్బరి దింపుకెక్కి జారినవాడు,
రొయ్యల చెరువు గట్టున ఏరేటరు తీగ తగిలిన ఒడిశా కుర్రాడు,
హైవే మీద కారులో పోయిన కాంట్రాక్టరు గారి బావమరిది.
మూడో ఆయన కోసం ఫోన్లు వస్తాయి.
ఒకటి, రెండు, తర్వాత గొంతు మారి ఇంకొకటి.
ఎత్తండి. అలాగేనండి అనండి.
అనేసి గేటు దాకా నడిచి
ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో అడగండి.
లంకవాళ్ళుంటే వాళ్ళది ముందు.
ఆఖరి పంటు ఆరింటికి.
అది తప్పితే రాత్రంతా రేవులో
ఇసుక మీద మనిషిని పడుకోబెట్టుకుని
కుక్కల్ని అదిలిస్తూ కూర్చుంటారు.
కారుకి ఆరింటితో పని లేదు.
ఒడిశా కుర్రాడికి ఎవరూ రారు, సాయంత్రం దాకా.
అతని పక్కన లైటు తీయకండి.

నక్కా ఏసుపాదం కుట్టు సన్నం.
తల్లి చూసినా తడబడనంత సన్నం.
ఒకసారి ఒక ముసలమ్మని గుడ్డకీ దారానికీ
రెండొందలు అడిగాడని చెడామడా తిట్టాను.
తలొంచుకుని విన్నాడు.
ఐదు నెలల్నుంచి జీతం లేదని తర్వాత తెలిసింది.
అప్పట్నుంచి ఒకటో తారీఖున నా మొదటి పని
ఏజెన్సీ వాడికి ఫోను.
చచ్చినవాళ్ళు ఓ గంట ఆగుతారు.

పంచనామాలో హెడ్డు గారిది ఒకటే వాక్యం,
"కడుపునొప్పి తాళలేక."
కౌలు రైతుకి కడుపునొప్పి,
ఇంటరు తప్పిన పిల్లకి కడుపునొప్పి,
కొత్త కోడలికి కడుపునొప్పి.
ఇన్ని పచ్చటి మడుల మధ్య
ఇన్ని కడుపులు ఎందుకు నొస్తాయని ఆయన్నడిగితే
"నీళ్ళు మంచివి కావండి" అన్నాడు.
మీరు చూసిందే రాయండి.
ఒకసారి నేను రాయలేదు.
తండ్రి నా రెండు చేతులూ పట్టుకున్నాడు,
చెల్లెలుంది బాబూ, అన్నాడు.
రిజిస్టరు నాలుగు, పేజీ నూట పన్నెండు.
తీసి చూడక్కర్లేదు. నాకు రాకుండా పోదు ఆ పేజీ.

ఇప్పుడు పెట్టె.
గుర్రపుడెక్కతో పాటు లాకుల దగ్గర ఆగినవాళ్ళవి,
పేరు చెప్పలేకపోయిన వాళ్ళవి.
ఒక్కొక్కరికీ ఒక కవరు.
చొక్కా గుండీ. రాగి తాయెత్తు. బీరువా తాళంచెవి.
నానిపోయి ఆరిన బస్సు టికెట్టు, అమలాపురం దాకా.
మూడు నెలలు దాటితే పారేయొచ్చని రూలుంది.
పారేయకండి.

పెమ్మాడి నూకరత్నం వస్తుంది, నెలకో శుక్రవారం.
ఎనిమిదేళ్ళ కింద మొగుడు మొగ దాటి వేటకెళ్ళాడు.
నేల మీద కూర్చుని కవర్లన్నీ ఒడిలో పోసుకుంటుంది,
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతుంది,
"మావోడివి కాదండి" అని
విడిపోయిన కవరు నోళ్ళు మళ్ళీ మడిచి పెడుతుంది.
అప్పుడామె మొహంలో కనిపించేది దిగులో ఊరటో,
కారణాలు తేల్చడమే ఉద్యోగమైన నేను
ఇన్నేళ్ళలో తేల్చలేకపోయాను.
టీ ఇస్తే తాగదు. ఫ్యాను వేయండి.

ఇక సంతకం ఇక్కడ, తేదీ ఇక్కడ.
అన్నట్టు, ఆ గడియారం పది నిమిషాలు ముందుంటుంది.
ఎవరైనా సరిచేయబోతే చెయ్యి పట్టుకోండి.
పంటు కోసం అలా తిప్పి పెట్టాం,
నేనూ ఏసుపాదమూ.