నూనె పొయ్యకూడని చోటు

ఈ సైకిలు గేర్లకి టిక్కుటిక్కులు లేవు,
అంకెలూ లేవు.
వాలు గొట్టానికి చెవుల్లా రెండు మీటలు.
తోసినంత దూరం పోతాయి,
వదిలిన చోట ఆగాలి.
ఆగటం లేదు, అదీ గొడవ.

నిన్న రైలుకట్ట వంతెన సగం ఎక్కానో లేదో
కుడి మీట తనంతట తానే ముందుకు వాలింది.
చైను చిన్న పళ్ళ చక్రం మీదికి దూకింది,
నా మోకాళ్ళు రాళ్ళయినాయి.
వెనక పచ్చిమిరపకాయల ఆటో
హారను మీద నించి చెయ్యి తియ్యడు.
దిగి నడిపించుకొచ్చాను,
తాగినోణ్ణి ఇంటికి తెచ్చినట్టు.

ఇవాళ ఆదివారం.
బిట్రగుంట పాత క్వార్టర్సు వరండాలో
పేపరు పరిచి, గిన్నెలో కిరసనాయిలు పోసి
డబ్బాలోంచి పావలా బిళ్ళ తీశాను.
ఏ అంగట్లోనూ చెల్లదది.
ఈ మర నెత్తిమీది గాడిలో మాత్రం
కొలత తీసి కుట్టినట్టు కూర్చుంటుంది.
ఎడమకి తిప్పితే
ఎన్నేళ్ళ మురికో కిర్రుమంది.

ఊడిన వరసలోనే పేర్చుకుంటూ వచ్చాను:
మర, మూత, మీట,
ఇత్తడి వాషరు, సన్నటి నల్ల వాషరు,
తోకున్న రేకు బిళ్ళ...
అప్పుడు పిల్లి పేపరు మీద నడిచిపోయింది.
వరస ఇప్పుడు
నాకు సగం తెలుసు, దానికి సగం.

అసలీ బండి మాది కాదు.
మెల్విన్ అని ఇంజను డ్రైవరుది.
పొగబళ్ళు ఆగిపోయిన ఏడు
క్వార్టరు ఖాళీ చేస్తా దస్తగిరి మామకిచ్చి పొయ్యాడంట.
బాకీ కిందో ఇష్టం కొద్దో మామ చెప్పడు.
"దొర బండి మే, తెలుగులో తిడితే పలకదు"
అని మటుకు నవ్వుతాడు.

మామ లోకోషెడ్డులో బాయిలరు మేకులు కొట్టిన మనిషి.
ముప్పయ్యేళ్ళు ఇనుం మీద ఇనుం.
చెవులు రెండూ అక్కడే వదిలేసి
మిగతా మనిషి రిటైరయ్యాడు.

పాత పళ్ళ బ్రష్షుతో తోమాను.
కిరసనాయిలు ముందు టీ రంగు, తర్వాత కాటుక.
గాడిలో తెల్లగా ఉప్పు,
జువ్వలదిన్నె వైపు గాలి తెచ్చి దాచుకున్నది.
తుడిచి, ఆరబెట్టి,
కుట్టు మిషను నూనె చేతిలోకి తీసుకున్నానో లేదో
మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆడ పొయ్యబాక.
తీగకి పొయ్యి, చైనుకి పొయ్యి,
ఆడ మటుకు పొయ్యబాక.
జారేదానికి కాదు అది ఉండేది."

పోయిన నెల నేనే పోశాను,
ముద్దుగా, మూడు చుక్కలు.
ఆ సంగతి చెప్పలేదు.
మామ వాషరు తీసి ముక్కు కాడ పెట్టుకున్నాడు,
నా వైపు చూశాడు, కింద పెట్టాడు.

నల్ల వాషరు అంచు చిరిగింది.
కొబ్బరినూనె డబ్బా మూత కత్తిరించి
కాల్చిన మేకుతో బెజ్జం పెట్టాను.
వరండా అంతా కాలిన ప్లాస్టిక్కు వాసన,
పక్కింటి రాజేశ్వరక్క దగ్గు.

బండిని కిటికీ ఊచకి పాత చీరతో వేలాడగట్టి
చేత్తో పెడలు తిప్పాను.
మీట లాగితే చైను ఎక్కింది.
సరిపోయిందన్నాను.
మామ అరచెయ్యి గొట్టానికి ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
తల అడ్డంగా ఊపాడు.
బొటనవేలితో మీటని
వెంట్రుకంత వెనక్కి జరిపాడు.

ఒక గరగర ఆగిపోయింది.
అది అంతసేపూ ఉందని
ఆగినాకే నాకు తెలిసింది.

ఇంక మర ఎంత బిగించాలి?
వేళ్ళు తిప్పి సైగ చేశాను.
మామ మళ్ళీ నా మణికట్టు పట్టుకున్నాడు,
గాజు కదిలేంత వదులు,
చెయ్యి జారనంత బిగువు.
"ఇంత."

పావలాతో అంతే తిప్పాను.
మిగతాది రేపు వంతెన చెబుతుంది.

గిన్నె తీసి, పేపరు మడవబోతే
తోకున్న రేకు బిళ్ళ ఒకటి మిగిలి ఉంది.
మామ ఆకాశం చూస్తున్నాడు.
పిల్లి నన్ను చూస్తోంది.