స్టాపర్ బ్యాక్ పెన్నోబులేసు

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్కోరు పుస్తకం
పద్దెనిమిదేండ్లు నా చేతిలోనే ఉండె.
గోలు కొట్టినోనికి ఒక గడి,
బంతి అందించినోనికి పక్కనే చిన్న గడి.
కొట్టనియ్యనోనికీ ఒకటి గీయాలని
ఆ పుస్తకం కుట్టినోనికి తోచలే.
నాకూ తోచలే, అబద్ధమెందుకు.

గ్యాంగ్‌మన్ చెప్పులతోనే వచ్చినాడు మొదటిరోజు.
మైదానమంటే ఏముంది, గరుసు నేల.
ఆటకు ముందు పదకొండు మందీ వంగి
పల్లేరుకాయలు ఏరేది ఆనవాయితీ.
వీడు మన గోలు ముందరి ఇరవై గజాలూ
చాటలో బియ్యం ఏరినట్ల ఏరి
అవతలి సగం వైపు తల తిప్పేవాడు కాదు.
"ఇంటర్వెల్ అయితే సైడ్లు మారతాయి కదరా?"
"అప్పటికి అవన్నీ
వాళ్ళ కాళ్ళకే అంటుకోనుంటాయిలేప్పా."

డగ్లస్ దొర అని ఉండె.
సీమదొర కాదు, మెయిలుబండి డ్రైవరు,
ఇంట్లో ఇంగ్లీషు,
బజార్లో మనకంటే నాటు తెలుగు.
రైటు బ్యాక్‌గా ఆడి ఆడి కాళ్ళు వంకరపోయిన మనిషి.
వీనికి ఒకే ఒక పాఠం చెప్పినాడు:
"బంతిని చూడొద్దు, బొంకుతాది.
కండ్లు చూడొద్దు, అవీ బొంకుతాయి.
నడుమును చూడు నాయనా,
నడుము యాడికి తిరిగితే మనిషి ఆడికే."

అప్పట్నుంచి వీడు బజార్లో కూడా
మనుషుల్ని నడుము కాడ్నుంచి చూసేది మొదలుపెట్టె.
పెండ్లిచూపుల్లో
కొంచెం ఇబ్బందైంది.

హుబ్లీ, సోలాపూర్, సికింద్రాబాదు.
పొద్దున ఉగ్గాణి తిని సెకండ్ క్లాసులో బయల్దేరి
రాత్రి మోకాలికి చెనిక్కాయ నూనె పట్టించుకుంటా తిరిగొచ్చే ప్రయాణాలు.
గెలిస్తే దండ సెంటర్ ఫార్వర్డ్ మెడలో.
వీడు సామాన్ల కాడ కూచోని
బూట్ల మేకులు లెక్కపెడతాంటాడు.
ఒకసారి పెనాల్టీ డబ్బా అంచున
ఉత్త భుజం ఆనించి, అంతే,
ఉరుకొస్తాండే మనిషిని కార్నర్ జెండా దాకా సాగనంపినాడు,
చుట్టాన్ని బస్సెక్కించినట్ల.
ఎవరూ చప్పట్లు కొట్టలే.
ఏం జరగలేదు కదా, దేనికి కొడతారు?

తర్వాత నంద్యాల మ్యాచి. వాన.
బంతి సబ్బుబిళ్ళ మాదిరి జారి
వీని మోకాలికి తగిలి
మన వలలోకే పోయె.
సేమ్ సైడు.
రాయాల కదా, రాసినా.
పద్దెనిమిదేండ్లలో గోలు గడిలో
వీని పేరు పడిన ఒకే ఒక రోజు అది.
బురద కాళ్ళతోనే నా బల్ల కాడికొచ్చి
పుస్తకంలోకి తొంగిచూసె.
తిట్టించుకోను సిద్ధంగా ఉంటి నేను.
"సామీ, బు-కు కొమ్ము పెట్టలే నువ్వు.
పెన్నోబలేసు అని పడింది.
మొదటిసారి పడతాండాది కదా, సరిగా రాయి."

దిద్దినా. ఆ సిరా అప్పుడే తడికి పాకింది,
ఇప్పుడు చూసినా కొమ్ము కాడ నీలం మచ్చ.

ముప్పై ఎనిమిదికి మోకాలు వద్దనింది.
మోకాలి కంటే ముందే ఆఫీసు వద్దనింది.
పామిడి రోడ్డు మీద గేటు డ్యూటీ ఇచ్చిరి.
మొన్న పోయి కూచుంటి వాని గుమిటీలో.
"ఆడా ఆపేది, ఈడా ఆపేదేనా,
ఇట్ల రాసుకుంటా నీ మీద" అంటే
నవ్వలేదు.
"అట్ల రాయొద్దు, అది వేరే పని.
గేటు నేను వేసేది ఫోనొస్తే.
ఆడ ఎవురూ ఫోను చేయలే నాకు."

"పోనీ, ఎన్ని ఆపినావో ఒక అందాజు చెప్పు,
పాత పుస్తకంలో గడి గీసి పెడతా."
"లెక్క పెట్టుకుంటా నిలబడితే
తర్వాతది పోతాది, సామీ."

అంతలో గూడ్సు వస్తాందని మోగె.
గేటు దిగె.
దాని కింద దూరను వచ్చిన మేకపోతు ఒకటి
తల ఎడమకు ఊపింది.

మోకాలు పోయిన మనిషి
అప్పటికే కుడిపక్క నిలబడుకోనుండె.