మేము, మనము

సత్యవేణి మేడం రిటైరైన దినం
పూలదండ ఏ శాఖ కొనాల్నో తేలలేదు.
లా కాలేజీ భాషాశాస్త్రం దిక్కు చూసింది,
భాషాశాస్త్రం మానవశాస్త్రం దిక్కు.
ఆఖరికి నేనే కొన్న, మోజంజాహీ మార్కెట్ల,
బేరమాడి.

నేనంటే విఠలయ్యను.
నాంపల్లి కోర్టుల ముప్పై రెండేండ్లు
సాక్షి తెలుగుల ఏడిస్తే
ఇంగ్లీషుల టైపు కొట్టినోన్ని.

ఆమె మొదలు వచ్చినప్పుడు వకీలు.
అక్క కోటేమో, చేతులు పొడుగు.
నాయిన గుల్జార్ హౌజ్ పక్క సందుల కంసాలి,
గురిగింజలతోని బంగారం తూచెటోడు.
"ఒక్క గింజ అటిటైతే కొంప మునుగుతది సారూ"
అనేది, నా మిషను పక్క నిలవడి.
నేను నవ్వేటోన్ని.
కోర్టుల ఎవడు తూస్తడమ్మా మాటలు,
పేజీలు లెక్కవెడ్తరు గని.

భిక్షపతి కేసు గుర్తుందా అంటే
ఫైలు నంబరు సుతం చెప్త.
రాళ్ళు కొట్టే పిలగాడు. క్వారీల మందుగుండు మాయమైంది.
సాక్షి బోనెక్కి, భిక్షపతి కండ్లల్లకే చూసుకుంట
ఒక మాట అన్నడు.
"ఆ రాత్రి మేం పోయినం గదరా" అంటే
నువ్వు లేవు, మేమే అని.
"మనం పోయినం గదరా" అంటే
నువ్వు గుడ ఉన్నవని.
నా కాయితం మీద పడ్డది
వుయ్.
రెండక్షరాలు. మిషను గంట కొట్టింది, లైను మారింది.
ఏడేండ్లు.

ఆమె అప్పీలు రాసింది. కొట్టేసిన్రు.
వ్యాకరణం సాక్ష్యం కాదన్నడు పెద్దజడ్జి,
టిఫిను యాళ్ళయింది.

ఆ కోటు ఏం చేసిందో నాకెరుక లేదు.
ఉస్మానియాల చేరిందని విన్న,
తనకన్న పదేండ్లు చిన్న పోరగాండ్ల నడుమ
సర్వనామాలు చదువుతుందని.
అటెన్క గాజులరామారం అవతల వడ్డెర బస్తీల
రేకుల రూము కిరాయికి తీసుకున్నదని.
మూడేండ్లు.
వాళ్ళ కులపంచాయితీల వెన్క వరుసల కూసుండి
ఎవరు ఎవర్ని "మనం" అంటరో,
అప్పు తేలంగనే "మేము" ఎట్లయితరో
నోటుబుక్కుల గీతలు గీసుకున్నదట.
అండ్ల ఒక ముసలమ్మ అడిగిందట:
"ఏం బిడ్డా, మా మాటలు ఏరుకపోయి ఏడ అమ్ముతవ్?"
ఆ ప్రశ్నతోనే మొదలైతది
ఆమె థీసిస్. జవాబు లేదు అండ్ల.

ఇంటర్వ్యూలు చెప్పనక్కర లేదు.
మీది లా గద అన్నరొకరు.
ఇది భాష గద అన్నరింకొకరు.
గురిగింజకు తన నలుపు కనవడదంటరు,
మరి శాఖకు?
యాభై రెండేండ్లకు పర్మినెంటయింది.
అప్పటికి జుట్టుల నలుపు వెతకాలె.

పోయిన శ్రావణంల మా ఇంటికొచ్చింది, బోయిగూడకు.
సంచీల పాత వాంగ్మూలం జిరాక్సు,
నా మిషను "ఇ" కొంచెం పైకెగిరి పడే కాయితం.
ఇరానీ హోటల్ నించి చాయ్ తెప్పిచ్చిన.
తాగలేదు.
"సారూ, మీరు విన్నరు.
సాక్షి మేము అన్నడా, మనము అన్నడా?"

భిక్షపతి బయటికొచ్చి సచ్చిపోయి పదకొండేండ్లు.
సాక్షి ఏ ఊర్లున్నడో.
ఆ గదిల ఉన్న చెవులల్ల
మిగిలినవి నాయే.
చాయ్ మీద మీగడ కట్టింది.
కింద ఆటోవాడు ఎవనితోనో కొట్లాడుతుండు
"మనం మనం చూసుకుందాం గదన్నా" అనుకుంట.
ఇద్దరం విన్నం.

"యాదికి లేదమ్మా" అన్న.

ఆమె పెన్ను తీసింది.
తెలియదు అని రాయలేదు.
గుర్తులేదు అని గుడ రాయలేదు.
యాదికి లేదమ్మా, అని రాసింది,
"అమ్మా" తోని సహా,
నేను అనుకుంట కండ్లు దించుకున్ననని
పక్కకు చిన్నగ.